కాంప్లెక్స్ మీటింగులో ఒక పూట

మూడో తరగతి పిల్ల 52లోంచి 27 తీసివేసి 35 అని రాసింది. అలాంటి నోటుబుక్కు ఒకటి బల్ల మీద పెట్టి, చుట్టుపక్కల బడుల టీచర్లు నలుగురూ కూర్చుంటే ఏం జరుగుతుందో చాలాసార్లు చూశాను. ముందుగా ఎవరో ఒకరు "అప్పు తెచ్చుకోవడం రాలేదండీ" అంటారు. అందరూ తలూపుతారు. కాసేపటికి ఒకటో తరగతి చెప్పే మేడమ్ అందుకుంటారు: "పెద్ద అంకెలోంచే చిన్న అంకె తీయాలని మనమే కదండీ చెప్పాం! రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసింది." అంటే ఆ పిల్ల ఒకటో తరగతిలో విన్నమాటనే శ్రద్ధగా పాటించిందన్నమాట. ఇక అక్కణ్ణుంచి మాటలన్నీ ఆ పిల్ల ఆలోచన చుట్టూ తిరుగుతాయి. ఒకరు చీపురుపుల్లల కట్టలు విప్పి చూపిస్తారు. "మావాళ్ళు కట్ట బాగానే విప్పుతారండీ, పలక మీదికి వచ్చేసరికే మళ్ళీ మొదటికి" అంటారు ఇంకొకరు. కట్ట విప్పిన క్షణంలోనే పలక మీద 5 కొట్టేసి 4 రాయించాలి, ఆ రెండు పనుల మధ్య ఎడం ఉండకూడదు అని చివరికి తేలుతుంది. ఈ సంగతి ఏ శిక్షణ పుస్తకంలోనైనా ఉండవచ్చు. కానీ పక్క ఊరి టీచరు తన తరగతిలో చేసి చూసి చెబితే మర్నాడే మన తరగతిలోకి వస్తుంది.

మన వృత్తిలో పని నేర్చుకునే అసలైన చోటు ఇదేనని నా గట్టి నమ్మకం. టీచరుది ఒంటరి ఉద్యోగం. ఒకరు పాఠం చెబుతుంటే మరొకరు చూసే సందర్భం డెమో తరగతుల్లో తప్ప రాదు. ఏకోపాధ్యాయ బడిలోనైతే పాఠం బాగా నడిచిన రోజున ఆ ముక్క చెప్పుకోవడానికి కూడా తోటివారు ఉండరు. 1964-66 నాటి కొఠారి కమిషన్ ఈ ఒంటరితనాన్ని గుర్తించే, ఒక హైస్కూలును దాని చుట్టూ ఉన్న చిన్న బడులతో కలిపి స్కూల్ కాంప్లెక్సుగా నడపమంది. అదే కాలంలో ఇంగ్లండులో టీచర్ సెంటర్లు పుట్టాయి. కొత్త లెక్కల పద్ధతులు, కొత్త సిలబస్ వస్తుంటే, వాటిని టీచర్లే కలిసి కూర్చుని పరీక్షించుకోవడానికి ఏర్పడ్డ చోట్లు అవి.

ఆ ఆలోచన మన దగ్గరికీ వచ్చింది. బ్రిటన్ సాయంతో 1980ల మధ్యలో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు కొద్ది బడులకొకటి చొప్పున ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టింది. ఏపీపీఈపీ అంటే పాతతరం టీచర్లకు ఇప్పటికీ గుర్తే. చేసి నేర్చుకోవడం, జట్లుగా పనిచేయించడం, ఊళ్ళో దొరికే వస్తువులతో పాఠం చెప్పడం, పిల్లలు చేసినవి గోడలకు ప్రదర్శించడం అందులోని సూత్రాలు. శిక్షణ తరగతిలో విన్న సూత్రం ఏ ఊళ్ళో నిలిచింది, ఎక్కడ బెడిసికొట్టింది అని మాట్లాడుకోవడానికే ఆ కేంద్రం. గోడలకు కాగితాలు అంటించి పని అయిపోయిందనుకున్నవాళ్ళూ ఉన్నారు. అయినా తోటి టీచరుకు తన తరగతి సంగతి చెప్పుకునే అలవాటు చాలామందికి అబ్బింది అక్కడే.

తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ), సర్వశిక్షా అభియాన్ వచ్చాయి. మండల వనరుల కేంద్రాలు, క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు (సీఆర్పీలు), కాంప్లెక్స్ సమావేశాలు ఏర్పడ్డాయి. కలుసుకునే చోట్లు పెరిగాయిగానీ, పైనుంచి కిందికి వచ్చే మాటే వాటిని నింపేసింది. ఉదయమంతా ఉత్తర్వులు, మధ్యాహ్నం ఫార్మాట్లు, చివర అటెండెన్స్ సంతకాలు. పిల్ల నోటుబుక్కు సంచిలోనే ఉండిపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటలు వృత్తిపరంగా నేర్చుకోవాలంది. ఆ గంటలు ఆన్‌లైన్ కోర్సులతో నిండిపోతే సర్టిఫికెట్లు వస్తాయి. "మా తరగతిలో ఒత్తులు నిలవడం లేదు, ఏం చేయను?" అని అడిగితే ఎదురు ప్రశ్న వేసే మనిషి మాత్రం తెర మీద దొరకడు.

ఇలాంటి సమావేశం నడపడంలోనూ ఒక నేర్పుంది. అనుభవజ్ఞులు చివర మాట్లాడాలి. వాళ్ళు ముందు మాట్లాడితే కొత్తగా చేరిన ఎస్జీటీ నోరు విప్పదు. నోటుబుక్కు ఎవరి తరగతిదో ఆ టీచరును సంజాయిషీ అడగకూడదు. ఒకసారి అడిగారంటే వచ్చే నెల అందరూ తమ తరగతిలోని ముత్యాల్లాంటి అక్షరాల పుస్తకాలే తెస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఈ నెల అనుకున్నది చేసి చూసి, వచ్చే నెల ఫలితం చెప్పడం. అది పని చేయలేదన్న కబురు కూడా ఫలితమే. ఈ రెండో నెల లేని సమావేశం నా దృష్టిలో సగం సమావేశమే.

వీటికి బడ్జెట్ అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. ఎంఈఓలకూ కాంప్లెక్స్ హెడ్మాస్టర్లకూ నా విన్నపం ఒక్కటే. ఉత్తర్వులు వాట్సాప్‌లో ముందే పంపండి, వివరాలు ఫోనులో తీసుకోండి. సమావేశంలో కనీసం ఒక పూట పూర్తిగా టీచర్లకు వదిలేయండి.