రెండోసారి రాసేవాళ్ల లాసెట్

లాసెట్ ఫలితాలు వచ్చిన వారంలో నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "సార్, మళ్లీ రాయమంటారా?" అడిగేవాళ్లు వేంసూరు, కందుకూరు, మర్లపాడు పిల్లలు. వాళ్లతోపాటు పిల్లల తల్లులు, ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి ఇప్పుడు నల్లకోటు మీద మనసుపడ్డవాళ్లు కూడా అడుగుతారు. సత్తుపల్లి కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న వకీలుగా, రెండోసారి రాసి సీటు తెచ్చుకున్నవాడిగా నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. తప్పకుండా రాయండి. అయితే కొత్త పుస్తకం తెరిచే ముందు పోయినసారి మీరు రాసింది చదవండి.

మళ్లీ రాసేవాళ్లలో చాలామంది ఈ పని చేయరు. ర్యాంకు చూసి రెండు రోజులు బాధపడతారు. తర్వాత కొత్త గైడు కొని మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. అంతకుముందే వచ్చిన పాఠాలు ఇంకా బాగా వస్తాయి, రానివి రానట్టే మిగులుతాయి. ఏడాది కష్టపడినా మార్కులు పాతచోటే ఆగిపోతాయి. ఇందులో వాళ్ల తెలివికి వచ్చిన లోటేమీ లేదు. ఒక తీర్పును మళ్లీ ఎలా చూడాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అది చెప్పే విద్య న్యాయశాస్త్రంలోనే ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 47వ ఆర్డరు, 1వ రూలు రివ్యూ పిటిషన్ గురించి మాట్లాడుతుంది. అప్పీలైతే పై కోర్టుకు వెళ్తుంది. రివ్యూ మాత్రం తీర్పు ఇచ్చిన కోర్టు ముందుకే వస్తుంది. "ఈ తీర్పు నాకు నచ్చలేదు" అంటే ఆ కోర్టు వినదు, కారణం చూపించాలి. చట్టం ఒప్పుకునే కారణాలు మూడు: ఎంత శ్రద్ధపెట్టినా అప్పటికి తెలియని ముఖ్యమైన కొత్త విషయం ఇప్పుడు బయటపడటం, రికార్డు చూడగానే కనిపించే పొరపాటు, లేదా మరేదైనా తగిన కారణం. గడువు కూడా ఉంది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం 30 రోజుల్లోపు దాఖలు చేయాలి.

రెండో ప్రయత్నాన్ని నేను ఈ మూడు కారణాల మీదే నిలబెడతాను. పిటిషనరూ మీరే, జడ్జీ మీరే. రికార్డు మీ రెస్పాన్స్ షీటు. ప్రాథమిక కీతోపాటు అది వెబ్‌సైటులోకి వస్తుంది. దాన్ని దాచుకోండి. గడువు కూడా అంతే పెట్టుకోండి. ఏ ప్రశ్న దగ్గర ఏం ఆలోచించి ఆ జవాబు నొక్కామో నెల దాటితే గుర్తుండదు.

ముందుగా, చూడగానే కనిపించే పొరపాట్లు. లాసెట్‌లో 120 ప్రశ్నలకు 90 నిమిషాలు ఇస్తారు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. ఇందులో 30 జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ, 30 వర్తమాన వ్యవహారాలు, మిగిలిన 60 న్యాయవిద్యకు సంబంధించిన పార్ట్ సీ. ఆ వేగంలో "కింది వాటిలో సరికానిది ఏది" అన్న ప్రశ్నను "సరైనది ఏది" అని చదివేసినవాళ్లు ఎంతోమంది. తప్పు జవాబుకు మార్కులు కోయకపోయినా, తెలియని ప్రశ్నలను భయంతో ఖాళీగా వదిలేసినవాళ్లూ ఉన్నారు. ఆ భయం చాలాసార్లు తప్పుకు పావు మార్కు పోయే క్లాట్ లాంటి పరీక్షల నుంచి వచ్చినది.

అందుకే నా దగ్గరకు వచ్చేవాళ్లతో ఒక నోటుబుక్కులో మూడు జాబితాలు రాయిస్తాను. తెలిసీ తప్పినవి ఒకటి, తెలియక తప్పినవి ఒకటి, ఊహించి కొడితే ఒప్పయినవి ఒకటి. మూడో జాబితా రాయడానికి ఎవరికీ చేయి రాదు. మార్కు వచ్చేసింది కదా, మళ్లీ తవ్వడమెందుకు అంటారు. కానీ నిరుడు అదృష్టం ఇచ్చిన మార్కు ఈ ఏడాది ఉంటుందని హామీ లేదు. అందుకే ఆ జాబితాను తెలియని వాటితో కలిపే చదవాలి. మొదటి జాబితా పొడుగ్గా ఉన్నవాళ్లకు చదువుకంటే గడియారం ముందు పెట్టుకుని చేసే సాధన ఎక్కువ కావాలి. రెండోది పొడుగ్గా ఉంటే కూర్చుని చదవాలి. ఇద్దరికీ ఒకే టైంటేబుల్ ఇస్తే ఇద్దరికీ అన్యాయమే.

రెండోది కొత్త విషయం. లా చదువులో పాత పుస్తకాన్ని గుడ్డిగా నమ్మకూడదు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చి, 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ పక్కకు తప్పుకుంది. 511 సెక్షన్ల చోట 358 వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది. మన సినిమాల్లో, తిట్లలో కూడా పాతుకుపోయిన 420 ఇప్పుడు 318లో ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం కూడా అదే రోజు మారాయి. 2023లో రాసి, అన్న పుస్తకాలతోనో అక్క పుస్తకాలతోనో మళ్లీ చదివినవాళ్లు ఇక్కడ గట్టిగా దెబ్బతిన్నారు. అయితే కొత్త నంబర్లు బట్టీపడితే సరిపోదు. నేరానికి మనసులో ఉద్దేశం ఎందుకు కావాలి, దొంగతనానికీ మోసానికీ తేడా ఎక్కడ అన్నవి తెలిస్తే నంబరు మారినా జవాబు మారదు.

ఇక సంవత్సరాలు. ఇవి గుర్తుండవని అందరూ మొత్తుకుంటారు. నేను ఊరి చరిత్రకు ముడివేసి చెప్తాను. నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలింది 1967లో. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించజాలదని గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఆ ఏడాదే. వేంసూరు ఒక అసెంబ్లీ నియోజకవర్గంగా ఉన్న కాలంలో ఇక్కడి నుంచి గెలిచిన జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయింది 1973 డిసెంబరులో. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని తాకరాదన్న కేశవానంద భారతి తీర్పు అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. భద్రాచలం తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో. ఏజెన్సీ భూముల బదలాయింపు మీద 1వ రెగ్యులేషన్ కూడా 1959దే. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన 1955లోనే హిందూ వివాహ చట్టం వచ్చింది. కాల్వ గట్టు మీద నడిచే పిల్లకు గోలక్‌నాథ్ ఎందుకు గుర్తుండదు?

సూత్రాలకూ ఇదే దారి. మైనరుతో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. దాన్ని గైడులో వాక్యంగా చదివితే సాయంత్రానికి పోతుంది. తండ్రి చనిపోయిన పదహారేళ్ల కుర్రాడితో మామిడి తోట లీజు రాయించుకుంటే ఏమవుతుందని అడిగితే, వేంసూరులో పిల్లలు అరగంట వాదించుకుంటారు. ఆ వాదన అయ్యాక కేసు పేరు వాళ్లే అడిగి రాసుకుంటారు.

సత్తుపల్లి దాటి దమ్మపేట, అశ్వారావుపేట వైపు వెళ్తే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కాళ్లకిందే ఉంటుంది. 1970లో వచ్చిన 1వ రెగ్యులేషన్, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనేది, అక్కడ గిరిజనేతరుల మధ్య కూడా భూమి అమ్మకాలను ఆపింది. సుప్రీంకోర్టు 1988లో దాన్ని సమర్థించింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో చెప్పింది. హైదరాబాద్ కోచింగ్ సెంటర్లో ఇవి రెండు బిట్లు. మన పిల్లలకు ఇవి బంధువుల ఇళ్లలో వినిపించే మాటలు. ఆ మాటలే సిలబస్ అని వాళ్లకు తెలియజేయడం నా పనిలో సగం.

మూడోది తగిన కారణం. దీన్ని కోర్టులు చాలా ఇరుకుగా చూస్తాయి. ముందు రెండు కారణాలకు దగ్గరగా ఉంటేనే ఒప్పుకోవాలని 1922లోనే ప్రివీ కౌన్సిల్ చెప్పింది. మన రివ్యూలో మాత్రం దీన్ని విశాలంగా చూడాలి. లాసెట్ 2023లో మే 25న, 2024లో జూన్ 3న, 2025లో జూన్ 6న జరిగింది. అంటే చదువు ముమ్మరంగా సాగాల్సిన నెలల్లోనే మనకు మిర్చి కోతలు, ఆ వెంటనే మామిడి కాయ దింపుడు. ఇంట్లో ఒక్క చేయి తక్కువైనా పని ఆగే రోజులవి. నగరం పిల్లల టైంటేబుల్ ఇక్కడ పనికిరాదు. దసరాకు మొదలుపెట్టి, 60 మార్కుల పార్ట్ సీని సంక్రాంతిలోపు ఒకసారి పూర్తిచేయాలి. కోతల నెలల్లో పొద్దున గంట పేపరు, రాత్రి గంట పాత ప్రశ్నపత్రం సరిపోతాయి. పరీక్షకు ఖమ్మం వెళ్లాలంటే పెనుబల్లి, కల్లూరు, తల్లాడ, వైరా దాటాలి. వీలైతే ముందురోజే చేరుకోండి. బస్సులో నిలబడి వెళ్లినవాడి 45 సెకన్లు, హాయిగా నిద్రపోయి లేచినవాడి 45 సెకన్లు ఒకటి కావు. ఇవి కారణాలు కావని, సాకులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సరిదిద్దగలిగే పరిస్థితిని పేరుపెట్టి చెప్పుకోవడం సాకు ఎలా అవుతుంది?

రెండోసారి అంటే సిగ్గుపడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఎమర్జెన్సీలో, 1976లో, జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ జడ్జీలు వ్యక్తి స్వేచ్ఛ కోసం కోర్టు తలుపు తట్టే దారి మూసేశారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ మెజారిటీలో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ ఉన్నారు. 2017లో పుట్టస్వామి కేసులో ఆ తీర్పు తప్పని రాసినవారు ఆయన కుమారుడు జస్టిస్ డి.వై. చంద్రచూడ్. దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టే తన మాటను మళ్లీ చదివి దిద్దుకుంటుంటే, ఇరవై ఏళ్ల పిల్ల తన రెస్పాన్స్ షీటు మళ్లీ చదవడానికి తలదించుకోవడం దేనికి?

పరీక్షలు కూడా తమను తాము దిద్దుకుంటాయి. అమెరికాలో మనవాళ్ల పిల్లలు రాసే ఎల్‌శాట్ 1948 నుంచి ఉంది. అందులోని లాజిక్ గేమ్స్ విభాగాన్ని బొమ్మలు గీసుకుంటూ సాధించేవారు. చూపులేని ఒక అభ్యర్థి కోర్టుకు వెళ్లారు. 2019లో రాజీ కుదిరింది, 2024 ఆగస్టు నుంచి ఆ విభాగమే లేదు. అక్కడ ఒక మనిషి ఆ పరీక్షను జీవితంలో 7 సార్లకు మించి రాయకూడదు. లాసెట్‌కు వయోపరిమితి లేదు. డిగ్రీ ఉంటే మూడేళ్ల కోర్సుకు, ఇంటర్ ఉంటే అయిదేళ్ల కోర్సుకు రాయవచ్చు. అర్హతకు 120లో 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీసం కూడా లేదు. అయితే అర్హత వేరు, హనుమకొండ సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలోనో, ఉస్మానియాలోనో సీటు వేరు. ఆ రెండింటి మధ్య దూరాన్ని దాటడానికే రెండో ప్రయత్నం.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ భీమపాక నగేశ్ ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులోనే తీర్పు రాసింది. జస్టిస్ నగేశ్ మన భద్రాచలం ప్రాంతం వారే. ఇంగ్లిష్ నేర్చుకోవాల్సిందే, అది లేకుండా ఈ వృత్తిలో ముందుకు పోలేం. కానీ ఇంగ్లిష్ రాదని మొదటి ప్రయత్నంతోనే ఆగిపోనక్కర్లేదు.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం వకీళ్ల సంఖ్య పెరగాలని కాదు. సాగర్ ఆయకట్టు చివరి భూముల నీటి తగాదా, కౌలు కాగితం, పోడు పట్టా, పాసుపుస్తకంలో తప్పుపడ్డ సర్వే నంబరు, ఇవన్నీ ఎవరో ఒకసారి నిర్ణయించి చేతులు దులుపుకున్న విషయాలే. ఆ కాగితాన్ని మళ్లీ తెరిచి, పొరపాటు ఇక్కడ ఉందని వేలుపెట్టి చూపించగల మనిషి ప్రతి ఊళ్లో ఒకరు ఉండాలి. తన సొంత తప్పుల జాబితా నిజాయితీగా రాసుకుని, ఏడాదిపాటు దానితో కూర్చుని, మళ్లీ పరీక్ష హాల్లోకి నడిచినవాళ్లకు ఆ ఓపిక ముందే అలవాటై ఉంటుంది. మొదటిసారే ర్యాంకు కొట్టినవాళ్లు దాన్ని తర్వాతెప్పుడో నేర్చుకోవాలి.

ఈసారి ర్యాంకు రానివాళ్లు ఆదివారం పొద్దున వేంసూరు రండి. రెస్పాన్స్ షీటు, ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. ముందు మూడు జాబితాలు రాద్దాం, ఏ పుస్తకం కొనాలో ఆ తర్వాత చూద్దాం.