ముందు ట్యూనర్, తర్వాత పియానో

నాయకుడు జమీందారు బిడ్డ అని చెప్పడానికి పాత తెలుగు సినిమా దర్శకుడికి రెండు వస్తువులు సరిపోయేవి. ఒకటి హాల్లోంచి మేడ మీదికి మెలిక తిరిగే మెట్లు, రెండోది వాటి పక్కన నల్లగా మెరిసే పియానో. పుట్టినరోజు పార్టీలో నాయకుడు దాని ముందు కూర్చుని పాడతాడు. పదిమందీ చుట్టూ నిలబడి వింటారు. పాటలోని అసలు సంగతి మాత్రం నాయికకొక్కదానికే బోధపడుతుంది. ఆ పియానోకి శ్రుతి ఎవరు చేసేవారో, ఏడాదికి ఎన్నిసార్లు చేసేవారో ఏ సినిమాలోనూ చెప్పలేదు. ఇప్పుడు నిజంగా పియానో కొనాలనుకునే కుటుంబం మొట్టమొదట తేల్చుకోవాల్సింది అదే.

కొనేవాళ్లు ఉన్నారా అంటే, ఉన్నారు. ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే ఇళ్లలో కథ చిన్న కీబోర్డుతో మొదలవుతుంది. నాలుగైదేళ్లు గడిచాక టీచరు ఓ రోజు "ఇక అసలు పియానో మీద సాధన చేయించండి" అంటారు. ఆ రాత్రి నుంచే ఇంట్లో సెకండ్ హ్యాండ్ ప్రకటనల వేట మొదలవుతుంది.

ఈ వాద్యం మన దేశానికి కొత్తదేమీ కాదు. చెన్నై మౌంట్ రోడ్డులోని మ్యూసీ మ్యూజికల్ దుకాణం 1842లో మిస్క్విత్ కంపెనీగా పుట్టింది. ముంబయి ఫుర్టాడోస్ వయసు 1865 నుంచి లెక్క. కలకత్తా జొరాసాంకో ఇంట్లో జ్యోతిరింద్రనాథ్ పియానో మీద కొత్త కొత్త వరసలు కడుతుంటే, పక్కన కూర్చున్న తమ్ముడు రవీంద్రుడు వాటికి మాటలు అల్లేవాడు. కాకపోతే ఆనాటి పియానో దొరల బంగళాల్లో, జమీందారుల మేడల్లో, చర్చిల్లో ఉండేది. ఇప్పుడది లిఫ్టులో పట్టక నలుగురి భుజాల మీద అపార్టుమెంటు మూడో అంతస్తుకి ఎక్కుతోంది.

బయటినుంచి చూస్తే పియానో ఒక పెద్ద బీరువా. కొనేవాళ్లు మోసపోయేది అక్కడే. పాలిష్ చూస్తారు, పేరు చూస్తారు, ఓ నాలుగు మెట్లు నొక్కి చూస్తారు, అడ్వాన్సు ఇచ్చేస్తారు. దాని విలువ మాత్రం లోపలుంటుంది.

1700 ప్రాంతంలో ఫ్లారెన్స్ నగరంలో మెదిచీ ప్రభువుల వాద్యాల బాగోగులు చూసే బార్తొలొమెయో క్రిస్తొఫొరి ఈ వాద్యాన్ని మొదట తయారుచేశాడు. అంతకు ముందున్న హార్ప్సికార్డ్‌లో తీగను మీటే ఏర్పాటు ఉండేది. గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా ఒకటే పలుకు. క్రిస్తొఫొరి మీటడం మాన్పించి, చిన్న సుత్తితో కొట్టించాడు. కొట్టిన సుత్తి తీగను అంటిపెట్టుకోకుండా వెంటనే వెనక్కి వచ్చే కిటుకు పెట్టాడు. వేలి బరువును బట్టి నాదం హెచ్చడం, తగ్గడం సాధ్యమైంది. ఆయన చేసిన వాటిలో మూడు మిగిలాయి. 1720 నాటిది న్యూయార్క్‌లో, 1722ది రోమ్‌లో, 1726ది లైప్జిగ్‌లో ఉన్నాయి.

ఈనాటి పియానోలో 88 మెట్లు, అంటే 52 తెల్లవి, 36 నల్లవి. తీగలు మాత్రం సుమారు 230. మంద్ర స్థాయిలో ఒక్కో మెట్టుకి ఒకటో రెండో లావు తీగలు, అక్కణ్నుంచి పైకి మూడేసి. ఒక్కో తీగ దాదాపు 70, 80 కిలోల బిగువుతో లాగి ఉంటుంది. అన్నీ కలిపితే సుమారు 16 నుంచి 18 టన్నులు. పోత ఇనుప చట్రం లేకపోతే ఆ లాగుడుకి పెట్టె ముడుచుకుపోతుంది. నిలువు పియానో కూడా 200 కిలోలు దాటేది ఈ చట్రం వల్లనే. ఇంత బిగువునూ పట్టి ఉంచేవి ఉక్కు పిన్నులు. వాటిని బిగించే నట్టు ఏదీ ఉండదు. పొరలు పొరలుగా అతికించిన గట్టి చెక్కదిమ్మలో తొలిచిన రంధ్రాల్లో, కేవలం రాపిడి మీద నిలబడతాయి. ఆ చెక్క చీలినా, వదులైనా ఎంత గొప్ప కంపెనీ పేరైనా అక్కరకు రాదు.

తీగల వెనక ఉండే పలుచటి స్ప్రూస్ చెక్క పలకే సౌండ్‌బోర్డ్. మందం సెంటీమీటరుకి కాస్త తక్కువ. వినిపించే నాదమంతా దానిదే. చూడ్డానికి చదునుగా కనిపించినా, తీగల వైపు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండేలా తయారుచేస్తారు. మన వాతావరణంతో పేచీ ఇక్కడే వస్తుంది. వానలు పట్టగానే చెక్క తేమ పీలుస్తుంది, ఉబ్బెత్తు పెరుగుతుంది, తీగలు ఇంకాస్త బిగుస్తాయి, శ్రుతి పైకి పోతుంది. ఎండలు ముదిరి రోహిణి కార్తె వచ్చేసరికి అదే చెక్క ఎండి కిందికి జారుతుంది, శ్రుతి దిగిపోతుంది. అన్ని తీగలూ సమానంగా మారితే వినేవారికి పెద్దగా తెలిసేది కాదు. మధ్య స్థాయి ఎక్కువ మారి, మంద్రం తక్కువ మారుతుంది. అందుకే పియానో తనతో తానే అపశ్రుతి పడుతుంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మరో తంటా. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. మెట్లకూ సుత్తులకూ ఇరుసుల దగ్గర ఉండే ఉన్ని గుడ్డ ఉబ్బి, నొక్కిన మెట్టు పైకి లేవకుండా మొరాయిస్తుంది. హైదరాబాద్‌లో తేమ తక్కువ కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఏసీ రూపంలో కష్టం వస్తుంది. పగలంతా ఉక్కగా ఉన్న గదిలో రాత్రి ఎనిమిది గంటలు ఏసీ నడిస్తే, ఆ చెక్క రోజుకోసారి తడిసి రోజుకోసారి ఎండినట్టే లెక్క. పియానోకి కావలసింది చల్లదనం కాదు, నిలకడ. గాలిలో తేమ 45, 55 శాతం మధ్య ఉంటే శ్రేష్ఠం. అంత కుదరకపోయినా, 40కీ 80కీ మధ్య ఊగిసలాడకుండా చూడగలిగితే సగం రోగం నయమైనట్టే. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొని పియానో పక్కన పెట్టుకోవడం తెలివైన పని.

సెకండ్ హ్యాండ్ సరుకు రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి, ఎవరి తాతగారో కొన్న పాత ఇంగ్లీషు పియానో. రెండోది, జపాన్ ఇళ్లలో వాడి, తర్వాత బాగుచేయించి దిగుమతి చేసుకున్న యమహా, కవాయ్‌లు. ఈ రెండు కంపెనీలదీ హమమత్సు పట్టణమే. యమహా 1887లో మొదలైంది, అక్కడ పనిచేసిన కొయిచీ కవాయ్ 1927లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. చట్రం మీద ఉండే వరస సంఖ్యను బట్టి ఏ ఏడు తయారైందో తేలిపోతుంది. యమహా యూ1 అనే 121 సెంటీమీటర్ల నిలువు పియానో మధ్యతరగతి ఇంటికి నమ్మకమైన బేరం, లోపల తుప్పు లేకపోతేనే సుమా.

పాత ఇంగ్లీషు పియానోల్లో కొన్నిటికి మూత తీయగానే సుత్తుల ముందు సన్నటి తీగల వరస పక్షి పంజరంలా కనిపిస్తుంది. నాదాన్ని ఆపే మెత్తలు సుత్తుల పైభాగాన ఉండే పాతకాలపు అమరిక అది. శ్రుతి చేయడం కష్టం, మరమ్మతు ఇంకా కష్టం. ఎంత అందంగా ఉన్నా, ఎంత చవగ్గా ఇస్తామన్నా నమస్కారం పెట్టి రావడమే మేలు. మెట్ల మీద తాపడం ఏనుగుదంతమని అమ్మేవారు గొప్పగా చెబితే మరీ జాగ్రత్త పడాలి. మన దేశంలో ఏనుగుదంతం వ్యాపారం నేరం.

శ్రుతి చేసే పని తెలిసిన ట్యూనర్‌ని వెంట తీసుకెళితే ఆయన బేరం సంగతి ఎత్తడు. ముందు పై మూత, తర్వాత కింది పలక తీయిస్తాడు. టార్చిలైటు వేసి పిన్నుల మొదళ్లు చూస్తాడు. పిన్ను చుట్టూ చెక్కలో నెర్రెలున్నాయా, వదులైన పిన్నుల్ని లోపలికి దిగ్గొట్టారా అని వెతుకుతాడు. శ్రుతి తాళపుచెవిని ఓ పిన్నుకి తగిలించి అరవీసం తిప్పుతాడు. చేతికి గట్టిగా ఎదురు తగిలితే తల ఊపుతాడు. వెన్నలో తిప్పినట్టుంటే మూత వేసేస్తాడు. సుత్తుల మొనలపై తీగల గాడి ఎంత లోతుగా పడిందో చూస్తాడు. ఆ తర్వాతే 88 మెట్లూ ఒక్కొక్కటిగా, మెల్లగా, గట్టిగా నొక్కి వింటాడు. శ్రుతి మొత్తంగా అరమెట్టు దిగిపోయి ఉందని ట్యూనింగ్ ఫోర్కుతో పోల్చి చెప్పేది కూడా ఆయనే. అలాంటి దాన్ని ఒక్కసారిగా పైకి లాగితే తీగలు తెగుతాయి. రెండు మూడు విడతల పని, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.

ట్యూనర్ శ్రుతి చేసే పని ఎలా సాగుతుందో దగ్గరగా చూడటం ఒక వినోదం. సెకనుకు 440 కంపనాలిచ్చే ఫోర్కును మోకాలికి తట్టి, మధ్య స్థాయి 'ఏ' స్వరాన్ని దానితో కలుపుతాడు. మూడు తీగల్లో మధ్యది మాత్రమే మోగేలా పక్క వాటి మధ్య ఫెల్ట్ పట్టీ దూరుస్తాడు. అక్కణ్నుంచి ఓ స్థాయిలోని పన్నెండు స్వరాలనూ ఒకదాన్ని బట్టి ఒకటి నిలబెడతాడు. ఇక్కడొక విచిత్రం ఉంది. మన షడ్జ పంచమాల్లాగా ప్రతి జంటనూ స్వచ్ఛంగా కలుపుతూ పోతే పన్నెండోది చేరేసరికి లెక్క తప్పుతుంది. అందుకని ప్రతి పంచమాన్నీ వీసమెత్తు తగ్గిస్తాడు, అరమెట్టును వంద భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు. ఆ తగ్గింపును కొలిచేది పరికరం కాదు, చెవి. రెండు స్వరాలు కలిసీ కలవనప్పుడు నాదంలో "వావ్ వావ్" అని ఒక ఊపు వినిపిస్తుంది. మధ్య స్థాయికి కాస్త కిందనున్న 'ఎఫ్', 'ఏ' జంటలో ఆ ఊపు సెకనుకు దాదాపు ఏడు సార్లు రావాలి. ట్యూనర్ కళ్లు మూసుకుని ఆ ఊపుల్ని లెక్కపెడుతూ తాళపుచెవిని తిప్పుతాడు.

తంబురా ముందు పెరిగిన చెవికి ఈ శ్రుతి కొంచెం ఇబ్బంది పెట్టే మాట నిజం. పియానో మీద అంతర గాంధారం, తంబురాలో తానై పలికే గాంధారం కన్నా పద్నాలుగు భాగాలు హెచ్చు. పైగా గమకం పలకదు. నొక్కిన స్వరాన్ని వంచడానికి దారే లేదు. అయినా చెన్నై పియానిస్టు అనిల్ శ్రీనివాసన్, గాయకుడు సిక్కిల్ గురుచరణ్ కలిసి కచేరీలు చేస్తున్నారు. గమకమంతా గొంతుకి వదిలేసి, పియానో దాని చుట్టూ స్వరాల గుంపుల్ని పరుస్తుంది. గొంతును అనుకరించబోకుండా తన పని తాను చేసుకున్నప్పుడే ఈ వాద్యం మన సంగీతం పక్కన ఒదుగుతుంది.

మళ్లీ ట్యూనర్ దగ్గరికి వస్తే, మధ్య స్థాయి కుదిరాక ఆయన దాన్నిబట్టి పైకీ కిందికీ పోతాడు. చివరికి పట్టీ లాగేసి, మూడేసి తీగల్ని ఒక్క గొంతు చేస్తాడు. గంటన్నర, రెండు గంటల పని. ఆ వేళ ఇంట్లో మిక్సీ తిప్పకూడదు, టీవీ పెట్టకూడదు. ఈ విద్యలో అంధులకు ఘనమైన చరిత్ర ఉంది. లూయీ బ్రెయిల్ చదివిన పారిస్ అంధ బాలల సంస్థలోనే పెరిగిన క్లోద్ మోంతాల్, చూపున్న ట్యూనర్ల అనుమానాల్ని కాదని ఆ నగరంలో పేరు తెచ్చుకున్నాడు. ఎవరి పియానో వారే శ్రుతి చేసుకోవడం ఎలాగో 1836లో పుస్తకమే రాశాడు. ఈ రోజుల్లో ఫోన్ యాప్‌లు చాలానే వచ్చాయి. స్వరం ఎక్కడుండాలో అవి చూపిస్తాయి గానీ, పిన్నును అక్కడ కదలకుండా నిలబెట్టే నేర్పు మణికట్టుదే.

ఇంటికి తెచ్చాక చేయవలసినవి కొన్నే. కిటికీ ఎండ, ఏసీ గాలి, వానకు చెమ్మ దిగే గోడ, ఈ మూటికీ దూరంగా పెట్టాలి. గోడకీ దానికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం వదలాలి. రెండు మూడు వారాలు కొత్త గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు శ్రుతి చేయించాలి. ఆ పైన ఏడాదికి రెండు సార్లు. కొత్త పియానో అయితే తీగలు సాగుతూనే ఉంటాయి కాబట్టి మొదటి ఏడు నాలుగు సార్లు. చెమ్మకి విరుగుడుగా లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచడం మన దేశంలో పాత అలవాటు. దానికోసమే తయారైన వేడి కడ్డీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఎక్కువ వాట్ల బల్బు పెట్టి పైన మందపాటి దుప్పటి కప్పితే నిప్పుతో చెలగాటమే.

సుత్తుల ఉన్ని అంటే చిమ్మటలకు విందు భోజనం. ఎలుక మెట్ల కింద గూడు పెట్టిందంటే ఆ వాసన ఏళ్ల తరబడి వదలదు. కలరా ఉండల్ని గుడ్డ సంచిలో కట్టి, తీగలకు తగలకుండా లోపల వేలాడదీస్తారు. ఇక మన ఇళ్లకే ప్రత్యేకమైన ప్రమాదం ఆయుధ పూజ. పసుపు కుంకుమలు మెట్ల సందుల్లోకి జారితే తీయడానికి మెట్లన్నీ ఊడదీయాలి. బొట్టు పెట్టాలనుకుంటే పెట్టె పక్కభాగాన పెట్టుకోవచ్చు, దేవుడేమీ అనుకోడు. నీళ్లు పోసిన పూలకుండీ పైన పెట్టడం మాత్రం ఏ పండక్కీ పనికిరాదు.

ఇంత విన్నాక డిజిటల్ పియానో చాలదా అన్న ప్రశ్న వస్తుంది. చాలా ఇళ్లకు చాలు. 88 మెట్లు, బరువున్న మెట్లు, నాదాన్ని నిలిపే పెడల్ ఉంటే కొన్ని గ్రేడ్ల దాకా పిల్లలకు లోటేమీ ఉండదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పక్క ఫ్లాటువాళ్ల గొడవా తప్పుతుంది. మీ ఊరికి ట్యూనర్ రాలేని పక్షంలో అదే సరైన కొనుగోలు. శ్రుతి చేయని అసలు పియానో మీద పదేళ్ల పిల్ల రోజూ గంట సాధన చేస్తే, వేళ్లు బాగుపడేలోపు చెవి పాడవుతుంది.

కాబట్టి కొనాలని ఉన్నవాళ్లు దుకాణానికి వెళ్లే ముందు టీచరుని, చర్చి గాయక బృందాన్ని, మీ ఊళ్లో పియానో ఉన్న హోటల్‌ని అడిగి, ట్యూనర్ ఎవరో, ఎక్కణ్నుంచి వస్తారో, ప్రయాణ ఖర్చుతో కలిపి ఒక విడతకు ఎంత తీసుకుంటారో కనుక్కోండి. ఏడాదికి రెండు విడతల చొప్పున పదేళ్లకు ఎంతవుతుందో కాగితం మీద వేసి, ఆ మొత్తాన్ని పియానో ధరకు కలపండి. మీరు నిజంగా పెట్టబోయే ఖర్చు అది.