పాత పీపాల ఇంటికి కొత్త వాకిలి

స్పెయిన్‌లో రియోహా ప్రాంతపు హారో పట్టణంలో లోపెజ్ దె ఎరెదియా కుటుంబం 1877 నుంచి వైన్ చేస్తోంది. ఆ పాత కట్టడాల ముందు జహా హదీద్ రూపకల్పన చేసిన మండపం 2006లో పూర్తయింది. వైన్ వంపే కూజాను తలపించే దాని ఒంపులు చూసి, ఈ రెంటికీ ఎక్కడి పొత్తు అని ఎవరైనా ముక్కున వేలేసుకోవచ్చు. కొట్టిపారేయాల్సిన అభ్యంతరం కాదది. అయితే లోపల ఏముందో చూడాలి: 1910 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆ కుటుంబం చేయించిన చెక్క స్టాలు. చుట్టూ దాన్నే అనుకరిస్తూ కట్టివుంటే అసలేదో నకలేదో తెలిసేది కాదు. కొత్తది కొత్తగా కనబడుతోంది కాబట్టే పాతదాని విలువ తెలుస్తోంది.

అంతకన్నా మెచ్చుకోవలసింది, మార్పు వాకిలి దగ్గరే ఆగడం. సందర్శకులొస్తే పని కాస్తా తమాషా అయిపోతుందని భయం. చాలాచోట్ల అది నిజం కూడా. ఇక్కడ మాత్రం పీపాలు నేటికీ సొంత పనివాళ్లే చేస్తారు. ఓక్ బద్దలను నిప్పు సెగకు కాచి, మెల్లగా వంచి, ఇనప పట్టీలు బిగిస్తారు. నేలమాళిగలో సాలెగూళ్లయినా దులపరు. బిరడాలను తొలిచే పురుగులను సాలీళ్లు తినేస్తాయి. పాత కార్ఖానాలను జనానికి తెరవాలనుకునేవాళ్లు సున్నం బకెట్టు పట్టుకునేముందు హారోను ఒకసారి చూడాలి.