చిత్రిక పొట్టు

ఫ్రెంచివాళ్ల 'కమోడ్' అంటే సొరుగుల బల్ల. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు నవ్వుతారు, అందుకే ముందే చెబుతున్నాను.

పారిస్‌లోని లూవ్ర్‌లో అలాంటి బల్ల ఒకటి నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. 1742లో పదిహేనో లూయీ తన ప్రియురాలు మదామ్ ద మయీ కోసం మాత్యు క్రియార్ చేత చేయించినది. తెల్లటి నేల మీద నీలంతో చైనా తరహా పూలు, పిట్టలు. అంచులకు వెండిపూత కంచు. పింగాణీయేమో అనిపిస్తుంది.

ఆ నునుపు మాత్రం చైనాది కాదు. అక్కడ దాన్ని ఒక చెట్టు పాలతో తెస్తారు. ఒంటికి తగిలితే దద్దుర్లు. పొర మీద పొర పూసి, తేమగాలిలో గట్టిపడనివ్వాలి. ఆ చెట్టు యూరప్‌లో లేదు, ఆ పాలు ఓడ ప్రయాణానికి ఆగవు. దాంతో పారిస్‌లో మార్టిన్ సోదరులు కోపల్ బంకతో వార్నిష్ కాచి అదే మెరుపు తెప్పించారు. దానికి వాళ్ల పేరే నిలిచింది.

చైనా వాళ్ల ఆ పూతను ఇంగ్లిషులో పిలిచే 'లాకర్' అన్న మాట పుట్టిల్లు మాత్రం మన లక్కే. నేను లక్కపిడతలతో ఆడుకున్నవాణ్ణి కాబట్టి కాస్త గర్వపడ్డాను, అనవసరంగా. మనది పురుగు పెట్టే లక్క. ఏటికొప్పాకలో తిరిగే కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. చైనా పనితో దానికి చుట్టరికం లేదు. చైనా లాకర్ తెరలకు 'కోరమాండల్' అన్న పేరూ అంతే. మన తూర్పు తీరపు రేవుల మీదుగా యూరప్ వెళ్లాయి గనుక వచ్చింది.

అసలు సరుకే కావాలనే శ్రీమంతుల కోసం పారిస్ వర్తకులు ఆ తెరల్నీ, జపాన్ పెట్టెల్నీ కొని విప్పదీయించేవాళ్లు. వెనక చెక్కను చిత్రిక పట్టి, లాకర్ పొరకు ఆసరాగా పలచటి రేకంత మిగిల్చి, పొట్ట ఉబ్బిన బల్ల వంపుకు వంచి అతికించాలి. చెయ్యి ఒక్కసారి జారితే ఎక్కడో ఎవరో నెలల తరబడి పడ్డ శ్రమ గోవిందా. అతుకుల మీద బంగారుపూత కంచు.

1737లో రాణి మరీ లెష్చిన్‌స్కా కోసం ఫాంటెన్‌బ్లోకు చేరిన బల్ల ఇలాంటిదే. లాకర్ జపాన్‌ది. చేసిన వడ్రంగి ముద్ర 'బి.వి.ఆర్.బి.'. ఆ అక్షరాల వెనక ఉన్నది బెర్నార్ వాన్ రైసెన్‌బర్గ్ అని 1957లో గానీ తేలలేదు. జపాన్ పనివాడు కూడా చెక్క వెనక ఏ గుర్తయినా పెట్టుకుని ఉంటే, అది చిత్రిక పొట్టుతో పాటే ఊడ్చుకుపోయి ఉంటుంది.