పన్నెండు వారాల నోటుపుస్తకం

మొహం మీద మొటిమ కనిపిస్తే చాలు, మా అమ్మమ్మ "వేడి చేసింది" అని తేల్చేసేది. ఆ పూటనుంచే నాకు వేరుశనక్కాయలు, పకోడీలు, మామిడిపండు బంద్. ఇంటర్ చదివిన రెండేళ్లూ నేను మామిడిపండు ముట్టలేదు. మొటిమలు మాత్రం డిగ్రీ అయ్యేదాకా వదల్లేదు. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు చక్కెర వేసిన పాలు తాగేదాన్ని. పాలు చలవ అని వాటి జోలికి ఎవరూ పోలేదు.

పోయినేడాది మా అమ్మాయికి పదహారు నిండాయి. బుగ్గల నిండా మొటిమలు. అమ్మమ్మ మాటే నా నోటిదాకా వచ్చి ఆగింది. అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

తిండికీ మొటిమకూ సంబంధం లేదని డాక్టర్లు చాలాకాలం గట్టిగా చెప్పారు. అందుకు పెద్ద ఆధారం 1969లో అమెరికాలో జరిగిన పరీక్ష. 65 మందికి కొన్ని వారాలు చాక్లెట్, మరికొన్ని వారాలు కోకో లేని మిఠాయి ఇచ్చి, తేడా లేదన్నారు. అయితే ఆ మిఠాయిలోనూ చక్కెర, కొవ్వు దాదాపు చాక్లెట్‌లో ఉన్నంతే ఉన్నాయి. ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది? 2002లో మరో పరిశోధన అచ్చయింది. పపువా న్యూగినీలోని కితావా దీవిలో 1,200 మందిని చూస్తే ఒక్కరికీ మొటిమ లేదు. వాళ్లు తినేది దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి. వంశం ప్రభావమూ ఉండొచ్చు, నిజమే. కానీ 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది కుర్రాళ్ల మీద 12 వారాలు పరీక్షించారు. రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే తిండి తిన్నవాళ్లకు, మిగతావాళ్లకంటే మొటిమలు ఎక్కువగా తగ్గాయి.

తెల్లన్నం, మైదా, కూల్‌డ్రింకు కడుపులో పడగానే రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. దాన్ని దించడానికి ఇన్సులిన్ ఊరుతుంది, దానివల్ల ఐజీఎఫ్-1 అనే మరో హార్మోను కూడా చురుకవుతుంది. ఇవి చర్మం కింది నూనె గ్రంథులను రెచ్చగొడతాయి. రంధ్రాల గోడల్లో కణాలు గబగబా పెరిగి దారి పూడుకుంటుంది. మొహం మీది జిడ్డు బజ్జీల మూకుడులోంచి వచ్చింది కాదు, మన ఒంట్లోనే తయారైంది. పళ్లేన్ని అనుమానించడంలో అమ్మమ్మ పొరబడలేదు. వేలు చూపించిన వస్తువే వేరు.

పాల సంగతి ఇంకా తేలలేదు. ఎక్కువ పాలు తాగేవాళ్లలో, అందులోనూ వెన్న తీసిన పాలు తాగేవాళ్లలో, మొటిమలు ఎక్కువని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. పాలే కారణమని అవి రుజువు చేయలేదు. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు తాగే వే ప్రొటీన్ పొడి కూడా పాలనుంచి తీసిందే, కాబట్టి దాని మీదా అదే అనుమానం.

అమ్మాయీ నేనూ ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. ఏం తిన్నదో ఒక పక్క, మొహం ఎలా ఉందో ఇంకో పక్క. సాయంత్రం బిస్కెట్లు, కూల్‌డ్రింకు మాని శనగ గుగ్గిళ్లు పెట్టాను. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాను. రాత్రికి జొన్నరొట్టె. మామిడిపండు ఆపలేదు. చర్మం ఒక్క వారంలో మారదు కాబట్టి పన్నెండు వారాలూ ఓపిక పట్టాం. కొత్తగా వచ్చేవి తగ్గాయి, పూర్తిగా పోలేదు. నెలసరికి వారం ముందు గడ్డం మీద లేచేవి అలాగే లేచాయి. ఆ సంగతి పుస్తకం చూస్తేనే తెలిసింది. దాన్ని పట్టుకునే చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. ఆవిడ రాసిచ్చిన పూతమందుతో మిగతావీ అణిగాయి. తిండి సాయం చేస్తుంది గానీ మందుకు బదులు కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఈలోపు పెళ్లిళ్లలో చుట్టాలు అమ్మాయిని ఎన్ని మాటలన్నారో! "ఏం తింటున్నావే, మొహం అలా అయింది?" ఆ మాట విని పిల్ల విస్తరి ముందునుంచి లేచి వెళ్లిపోయిన రోజు ఉంది. ఇలాంటి మాటలు పడలేకే పిల్లలు మందుల షాపుకెళ్లి, చీటీ లేకుండా స్టెరాయిడ్ కలిసిన ట్యూబు కొనుక్కుంటారు. పూసిన కొత్తలో మొహం నిగనిగలాడుతుంది. కొన్నాళ్లకు చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మానేస్తే మొటిమలు ఇంకా ఎక్కువగా తిరగబెడతాయి.

మీ ఇంట్లో పిల్లకు మొటిమలుంటే ఆ ట్యూబు కొననివ్వకండి. నెలసరి కూడా తప్పుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. తినే పిల్లను మాత్రం తిననివ్వండి.