ఎవరి పేరున మునిగావు?

ఈ వారం పేపరు మడతలో ఒక కరపత్రం వచ్చింది. రాత్రి బస్సులో హైదరాబాదు, తెల్లవారి విమానం, మధ్యాహ్నానికి విశ్వనాథుడి దర్శనం, సాయంత్రం గంగ హారతి, మర్నాటి రాత్రికి ఇంట్లో. పైన పెద్ద అక్షరాలతో ‘అలసట లేని కాశీ యాత్ర’ అని. చదవగానే ఒళ్లు మండింది.

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పట్టుదల తెలిసిందే. ఉగాది వస్తోందంటే కన్నడ యాత్రికుల మీద ఒక వారం రాయందే నాకు తోచదు. కర్ణాటక పల్లెల నుంచి కాలినడకన బయలుదేరి, ఆత్మకూరు దాటి, నల్లమల ఎక్కి శ్రీశైలం చేరే జనం వాళ్లు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడబిడ్డ. పుట్టింటి చీర పెట్టి రావడానికి పోతున్నామంటారు. బొబ్బలెక్కిన అరికాళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని, ఎండలో మల్లయ్యను కేకేసి పిలుస్తూ సాగే ఆ వరసను రోడ్డు పక్కన నిలబడి చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది, నడక లేనిది యాత్ర కాదని. ఆ మాట ఇక్కడ చాలాసార్లు రాశాను.

కథ పుట్టేదీ నడకలోనే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలు పన్నెండు భాగాలూ ఒక్క ఏర్పాటు మీద నిలబడ్డాయి. కాశీకి పోయే మణిసిద్ధుడికి తోడుగా ఒక గొల్లపిల్లవాడు వస్తాడు. మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలన్నది వాడి షరతు. అటు ఇంగ్లండులో ఛాసరు పద్నాలుగో శతాబ్దంలోనే కాంటర్‌బరీకి పోయే యాత్రికుల నోట కథలు చెప్పించాడు. ఆ పుస్తకం పూర్తికాలేదు, యాత్రికులు గుడి చేరనూ లేదు. అయినా ఆరు వందల ఏళ్లుగా చదువుతూనే ఉన్నారంటే దారిలో అంత సరుకుందన్న మాట. విమానంలో సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఎవరికి ఏ కథ చెప్తారు?

ఆ కోపంలోనే, ఈ వారం కరపత్రానికి గట్టి జవాబు రాద్దామని ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్రను అలమారలోంచి తీశాను. ఈయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెళ్లేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగకూ కాశీకీ. వచ్చేటప్పుడు గయ, కలకత్తా చూసుకుని, పూరీ నుంచి తూర్పు తీరం వెంట దిగివచ్చారు. మా నంద్యాల సీమలోనూ ఆయన అడుగు పడిందన్న మాట. దారి పొడుగునా రాసుకున్నదంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ల గారికి పంపుతూ వచ్చారు. 1838లో అది పుస్తకంగా అచ్చయ్యేసరికి వీరాస్వామయ్య గారు పోయి రెండేళ్లయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు శ్రద్ధగా మళ్లీ అచ్చువేయించకపోతే మా తరానికి అది దక్కేదా అని నాకు సందేహం.

పదిహేను నెలల యాత్ర కదా, కష్టం గొప్పతనం గురించి నాలుగు మాటలు దొరుకుతాయని పేజీలు తిప్పాను. దొరికినవి వేరు. ఏ ఊరు చేరినా ఆయన ముందు చూసేది దిగడానికి చోటుందా అని. బావి నీళ్లు తాగొచ్చా, అంగళ్లున్నాయా, బియ్యం పప్పులు దొరుకుతాయా, దారి ఇసకా రాళ్లా అడుసా, ఏరు దాటడానికి పడవ ఉందా. దేవుడి వర్ణన ఉంటుంది, ఆచారాల మీద చర్చా ఉంటుంది, కుంపిణీ వాళ్ల పాలన మీద అభిప్రాయాలూ ఉంటాయి. కానీ ఊరు మారినప్పుడల్లా నీళ్లూ నీడా దారీ తప్పకుండా వస్తాయి. తన వెనక వచ్చేవాడు ఆ ఊళ్లో చీకటిపడ్డాక దిగి తడుముకోకూడదని రాసిన రాత అది.

ఇంకొకటి. ఆయన వెంట పరివారం సుమారు వందమంది. ఆయన సవారీని బోయీలు మోశారు. నడకే పుణ్యమైతే ఆ పదిహేను నెలల పుణ్యంలో సింహభాగం బోయీల ఖాతాలో పడాలి. వాళ్లు కాశీ తలచుకుని బయలుదేరినవాళ్లు కారు, కూలికి వచ్చినవాళ్లు. మన సాహిత్యంలో ఇంత దూరం నడిచినవాళ్ల పేర్లు మనకు తెలియవు. ఈ లెక్క తెగక రెండు రోజులు పుస్తకం మూసి పెట్టాను.

అలసటకు విలువ ఎవరు కట్టారు అసలు? శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినవాడిగా ప్రోలయ వేమారెడ్డిని చరిత్ర చెప్పుకుంటుంది. కొండెక్కేవాడి కాలు నొప్పి తగ్గాలనే కదా ఆ రాళ్లు పరిచింది! యాత్రికుడికి కష్టం పెంచినవాళ్లను మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. వీరాస్వామయ్య గారి కాలంలో ప్రయాగ, గయ, పూరీ క్షేత్రాల్లో కుంపిణీ వాళ్లు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవాళ్లు. దేవుణ్ణి చూడ్డానికి దొరకు రూపాయిలు చెల్లించాలి. 1840లోగాని ఆ పన్ను పోలేదు.

ఇక్కడ మా అవ్వ సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ వారం రాసేదానికి అర్థం లేదు.

నేను చిన్నబడిలో ఉన్నప్పుడు అవ్వ కాశీకి పోయింది, ఊరివాళ్లు నలుగురైదుగురితో కలిసి రైల్లో. బయలుదేరే ముందు రోజు పొద్దున్నుంచీ మా పంచలో జనం. కాశీ చూడలేమని తెలిసినవాళ్లే అంతా. పాలుపోసే ఆమె, ఎద్దులకు నాడాలు కొట్టే ఆయన, ఎదురింటి ముసలి కోడలు, సంతలో ఉప్పమ్ముకునే ఆమె. ఒక్కొక్కరూ ఒక నాణెం అవ్వ చేతిలో పెట్టి, ‘నా పేరున గంగలో వెయ్యి తల్లీ, నా పేరున ఒక మునక మునుగు’ అనేవాళ్లు. కొందరు తమ పేరు చెప్పలేదు, పోయినవాళ్ల పేరు చెప్పారు.

అవ్వకు చదువు రాదు. ఇంతమందిని గుర్తుపెట్టుకోవడానికి పాత నేతచీర అంచు పొడుగ్గా చింపి, వరసగా ముడులు వేసింది, ముడికో నాణెం. పాలామెది చిన్న ముడి. ఆలుమగలిద్దరి పేరున ఇచ్చినవాళ్లది జంటముడి. ఎదురింటి కోడలు కాన్పులో పోయిన బిడ్డ పేరున ఇచ్చింది. ఆ ముడికి పసుపు అద్దింది. రాత్రి దీపం దగ్గర కూర్చుని ఆ పేలికను ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్లతో తడుముకుంటూ ఒక్కో పేరూ పైకి చెప్పుకుంది. ఎక్కడైనా తప్పితే మళ్లీ మొదటినుంచి. పక్కన పడుకుని వింటూ నాకు సగం పేర్లు నోటికొచ్చాయి.

తిరిగొచ్చాక కాశీలో ఏం చూశావని నేను అడిగితే అవ్వ గుడి గురించి ఎక్కువ చెప్పలేదు. తెల్లవారుజామున నీళ్లలో దిగాననీ, ఒక్కో ముడి విప్పి నాణెం వేసి, పేరు చెప్పి మునుగుతూ పోతే ఆఖరి ముడి విప్పేసరికి బాగా పొద్దెక్కిందనీ చెప్పింది. తోడొచ్చినవాళ్లు చలికి వణుకుతూ గట్టు మీద నుంచి ‘ఇంక రావమ్మా’ అని కేకలట. ‘నా మునక ఒక్కటే కదా, అది ఎప్పుడో అయిపోయింది. మిగతావాళ్లది ఎట్లా వదిలిపెట్టి వచ్చేది?’ అంది. అవ్వ ఊళ్లో దిగిన రోజు జనం వచ్చి ఆమె కాళ్లకు మొక్కారు. నాణెమిచ్చిన ప్రతివాళ్లూ నిలబడి, తమ పేరున మునిగిందా లేదా అడిగి తెలుసుకుని పోయారు. కాశీ సమారాధన భోజనాలకు కూర్చున్న వరసలో వాళ్లందరికీ కాశీకి పోయొచ్చిన కళ ఉంది.

గంగచెంబులు తెచ్చింది. నిమ్మకాయంత రాగి చెంబులు, మూతకు తగరం పోసి అతికించినవి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు చిన్నగా కదిలేవి. కొన్ని పంచిపెట్టి, మిగిలినవి దేవుడి గూట్లో పెట్టింది. తర్వాత చాలా ఏళ్లపాటు, వీధిలో ఎవరికైనా ఆఖరి ఘడియ అంటే ఏ వేళప్పుడైనా మా తలుపు తట్టేవాళ్లు. అవ్వ అడగకుండానే గూట్లోంచి ఒక చెంబు తీసి, సీల మొనతో మూత పక్కన చిల్లు పొడిచి ఇచ్చేది. తనకోసం ఒకటి దాచుకోమని మా నాయన చెప్పినా వినలేదు. ఆమె పోయేనాటికి గూట్లో చెంబు లేదు. మేమే పక్క వీధికి పరుగెత్తి, వేరెవరో తెచ్చుకున్నది అడిగి తెచ్చాం.

అవ్వ నడవలేదు. రైల్లో పోయింది, రైల్లో వచ్చింది. ఆమెది యాత్ర కాదని నేను ఏ నోటితో అనగలను?

కోనసీమలో డొక్కా సీతమ్మ గారి గురించి ఒక మాట చెప్పుకుంటారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఈ తల్లి లంకల గన్నవరంలో గోదావరి దాటివచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టింది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని పల్లకీలో బయలుదేరిందట. దారిలో ఎవరో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని ఊరడిస్తూ, కాస్త ఓర్చుకోండి, సీతమ్మ గారిల్లు వచ్చేస్తుంది, అన్నం పెడుతుంది అంటుంటే విన్నది. బోయీలను అక్కడే ఆపి, వెనక్కి తిప్పమంది. వాళ్లు ఇల్లు చేరేలోపు తాను చేరాలి కదా. స్వామిని చూడకుండా వచ్చిందే అని ఆమెను ఒక్కరూ తప్పుపట్టలేదు. మన జనం ఆ యాత్రను పూర్తయినట్టే లెక్కవేసుకున్నారు.

మక్కాలో నిజాముల కాలం నాటి హైదరాబాదు రుబాత్ అనే సత్రం ఉంది. పాత హైదరాబాదు సంస్థానం జిల్లాల నుంచి హజ్‌కు పోయేవాళ్లలో చీటీ తీసి, పేరొచ్చినవాళ్లకు అక్కడ ఉచితంగా బస ఇస్తారు. ఎవరో ఎప్పుడో ముందు వెళ్లినవాళ్లు, వెనక వచ్చేవాళ్లు ఎక్కడ పడుకుంటారా అని ఆలోచించారు.

ఇదంతా బుర్రలో తిరుగుతుండగా మా వీధి చివర ఇంట్లో ఉండే అమ్మాయి వచ్చింది. బట్టల కొట్టులో పనిచేస్తుంది. పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి తొమ్మిదికి రాక. బల్లమీద కరపత్రం చూసి, ‘అన్నా, ఇట్లాంటి దాంట్లోనే పోయిన నెల అమ్మను కాశీకి తీసుకుపోయొచ్చినా’ అంది. రెండు రోజులకు మించి సెలవివ్వరు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాయన పోయిన ఏడు పోయాడు. రైలైతే ఇంకో పదేళ్లకు గాని కుదరదు, అప్పటికి అమ్మ ఉంటుందో లేదో అంది.

మునిగావా అని అడిగాను. చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. ఒకవైపంతా పేర్లు. కొట్టులో తనతోపాటు నిలబడి చీరలు మడతపెట్టే ఆడపిల్లల ఇళ్లవాళ్లవి, రాత్రి కాపలా ఆయన భార్యది, టీ తెచ్చే కుర్రాడి అమ్మది. పెన్ను గీతలు తడిసి అలుక్కుపోయాయి. టూరువాళ్లు గంట టైమిస్తే ముక్కాలు వంతు నీళ్లలోనే ఉందట. అమ్మ మెట్ల మీద కూర్చుని ఒక్కో పేరూ చదివి చెప్పింది, ఈ పిల్ల మునిగింది.

కాగితం రెండోవైపు ఇంకో రాత. ‘అన్నా, ఇది ఇంక పోయేవాళ్లకోసం’ అంది. గోదౌలియా దగ్గర బండి దిగి నడవాలి, పెద్దవాళ్లను మెల్లగా నడిపించాలి. గుళ్లోకి ఫోను పట్టుకుపోనివ్వరు, ముందే ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. కేదార్ ఘాట్ మెట్లు ఎత్తు, మోకాళ్ల నొప్పులుంటే కర్ర తప్పదు, పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ ఘాట్ చుట్టుపక్కల తెలుగు మాట వినబడుతుంది, తెలుగు సత్రాలున్నాయి, అక్కడ భోజనం అడగొచ్చు. స్నానానికి రెండు జతల బట్టలు. పేర్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి.

ఆ కాగితాన్ని వీధిలో ఇప్పటికే ఇద్దరు ఫోటో తీసుకున్నారు. రైల్లో పోయేవాళ్లకు పనికొచ్చే సంగతులు అందులో లేవు, గయలో పిండాలు పెట్టేవాళ్లకు కావలసినవీ లేవు. ఈమధ్య పోయొచ్చినవాళ్లెవరైనా అవి రాసి పంపండి. ఆ అమ్మాయి రాసినదాని పక్కనే వచ్చే వారం ఇక్కడ అచ్చువేస్తాను.