చెవికందిన నేల

పెట్రోలు మోటారుసైకిలుపై కొండబాటలలో తిరుగువాడు తన వాహనమును కన్నులకంటె చెవులతోనే ఎక్కువగా నడపుచుండును. ఇంజను గొంతు బరువెక్కినదా, గేరు తగ్గింపవలెను, కీచుమన్నదా, పెంపవలెను, వెనుక చక్రము పట్టు తప్పి ఊరక తిరుగుచున్న సంగతి సైతము, ఒడలికి తెలియుటకు లిప్తకాలము ముందుగా, ఇంజను స్వరము ఒక్కుమ్మడి పైకెగయుటచేతనే తెలిసిపోవును. కాలిఫోర్నియాలో సాన్ హొసేకు దక్షిణమున, హాలిస్టర్ పట్టణము చెంతనున్న కొండలలో నేనీ విద్య నేర్చినది ఈ విధముగనే. కావున ఎలక్ట్రిక్ మోటారుసైకిలు నెక్కి ఆ బాటలనే మరల త్రొక్కినపుడు నాకు తొలుత కలిగినది సంతోషము కాదు, చేతియూత జారిపోయినట్టి భావము.

ఆ లోటు ఎంతోసేపు లోటుగా నిలువలేదు. హాలిస్టర్ హిల్స్ అను ఈ ప్రదేశమును రాష్ట్రప్రభుత్వము 1975 లో ఇట్టి వాహనముల విహారమునకై ప్రత్యేకించినది. సాన్ ఆండ్రియాస్ భ్రంశరేఖ దీని నడుమగా పోవుచుండుటచే, రేఖకు పడమట గ్రానైటు చివికి రాలిన గరుసు ఇసుకయు, తూర్పున బంకపాలు హెచ్చిన మట్టియు ఒకే పూటలో ఒకే చక్రము క్రిందికి వచ్చును. ఈ రెండు నేలల భేదమును నేను చిరకాలముగా చూచి యెరుగుదును. విని యెరుగుట మాత్రము ఇప్పుడే. గరుసుపై ముందు టైరు నిలుకడగా పట్టి నడచునపుడు పొడిపొడిగా, తెగితెగి, కరకరమను చప్పుడు వినవచ్చును. మలుపులో పట్టు సడలనారంభించినంతనే ఆ కరకరలు ఒకదానిలో నొకటి కలిసిపోయి సన్నని బుసగా సాగును. ఆ క్షణమున దేహభారమును వెలుపలి పాదముపైకి మార్చినచో చక్రము మరల నేలను పట్టును. ఓక్ చెట్ల క్రింద దట్టముగా పడిన యెండుటాకుల యడుగున రాయి యున్నదో, తడి యున్నదో ఆకుల చప్పుడే చెప్పును. మోటారు బొత్తిగా మూగది కాదు; దాని సన్నని యీలయు, చైను కటకటయు ఉండనే యున్నవి. కాని అవి నేల పలుకును మ్రింగివేయునంతటి గట్టివి కావు. ఇంజను హోరు క్రింద నేల ఇంతకాలము మాటలాడుచునే యుండెనని తెలిసినపుడు నాకు కలిగిన విస్మయమును ఎట్లు చెప్పుదును?

చేతుల సంగతి చెవుల సంగతివలె సులువుగా తీరలేదు. విద్యుత్తు మోటారు కదలని స్థితినుండియే తన మెలిత్రిప్పు బలమును పూర్తిగా చూపును గనుక దానికి గేర్ల వరుసతో పనిలేదు, గేర్లు లేనిచోట క్లచ్చితోను పనిలేదు. ఖాళీపడిన యెడమచేతికి, అనేకములగు ఈ బండ్లలో, వెనుక బ్రేకు నప్పగించిరి. నిటారు దిగుడులలో ఇది గొప్ప సౌకర్యము. అయినను బండరాళ్లపై బండిని నిలిపి, ఎగిరించి, పాదము నేలను మోపక దాటించుటయే పరమార్థముగాగల ట్రయల్స్ క్రీడలో ఆరితేరినవారు క్లచ్చిని వదలుకొనుటకు సమ్మతింపలేదు. తిరుగుచున్న ఇంజను చక్రమునందు శక్తిని కూడబెట్టి, ఒక్క వ్రేలి సడలింపుతో దానిని వెలికిదీయుట వారి విద్యకు ప్రాణము. అందుచేతనే 2018 నాటి యమహా టీవై-ఈ బండిలోను, ఫ్రాన్సు దేశపు ఎలక్ట్రిక్ మోషన్ వారి బండ్లలోను, యంత్రధర్మమున అవసరము లేని క్లచ్చిని హస్తధర్మముకొరకు మరల అమర్చిరి. దీనిని కొందరు పాతవాసన యందురు. నేనట్లనుకొనను. ఒక శతాబ్దికాలము వ్రేళ్లలో నిలిచిన జ్ఞానమును కొత్త యంత్రము గౌరవించినది.

ఈ బండ్ల చరిత్రలో ఒక యధ్యాయము మాకు పొరుగుననే నడచినది. కొండల కావల, సముద్రతీరమునగల సాంటా క్రూజ్‌లో 2006 లో నీల్ సైకీ అను ఇంజనీరు స్థాపించిన సంస్థయే తరువాత జీరో మోటార్‌సైకిల్స్‌గా ప్రసిద్ధి కెక్కినది. వారు 2009 లో సాన్ హొసేలోనే ఎలక్ట్రిక్ బండ్లతో ఇరువదినాలుగు గంటల మట్టిబాట పందెమును నడపిరి. పెట్రోలు బండ్లు రాత్రియంతయు మ్రోగుచుండిన యెడల ఊరిచెంత అట్టి పందెమును సహింపగలవారెవరు? ఈ దేశమున చప్పుడే సవారిదారునకు ప్రథమశత్రువై యుండెను. 1972 లో నిక్సన్ అధ్యక్షుడు జారీచేసిన యుత్తరువు ప్రభుత్వభూములలో ఈ వాహనములకు హద్దులు నిర్ణయింపవలసినదని చెప్పుచు నేలకోత, వన్యమృగముల బెదురులతోపాటు ధ్వనిని కూడ లెక్కకు తెచ్చినది. కాలిఫోర్నియాలో 1986 నుండి తయారైన బండి, సైలెన్సరు కొనకు 20 అంగుళముల దూరమున కొలిచినపుడు, 96 డెసిబెళ్లు మించరాదు. కొలత బాగున్నను, లోయకు ఆవలియొడ్డున ఇల్లు కట్టుకొన్నవానికి ఆ అంకెతో ఊరట యేమి?

దూరప్రయాణమునకు మాత్రము ఈ బండి ఇంకను చాలదు. కిలో పెట్రోలులో ఇంచుమించు 12 కిలోవాట్ గంటల శక్తి యుండగా, కిలో బ్యాటరీలో ఉండునది పావు కిలోవాట్ గంట. ఇంజను ఆ శక్తిలో అధికభాగమును వేడిగా పారబోయుననియు, మోటారు పదింట తొమ్మిదిపాళ్లు వినియోగించుననియు ఒప్పుకొన్నను, అంతరము మిగిలియే యుండును. ఎడారిలో దినమంతయు పోదలచినవాడు పెట్రోలునే నమ్ముకొనుట న్యాయము.

నన్ను నిజముగా కలతపెట్టునది వేరొకటి. దక్షిణాఫ్రికాలో ఖడ్గమృగముల వేటదొంగలను పట్టుటకు అడవికాపరులకు స్వీడను దేశపు కేక్ సంస్థ ఎలక్ట్రిక్ బండ్ల నందించినది. వచ్చుచున్న సంగతి ఎదుటివానికి తెలియకుండుటయే అక్కడ వాటి గుణము. ఆ గుణమే మా కొండలలో దోషముగా పరిణమింపగలదు. పూర్వము అరమైలు దూరమునుండియే హెచ్చరిక నందుకొని పొదలలోనికి తప్పుకొను లేడియు, క్వెయిలు పిట్టల గుంపును ఇపుడు చక్రము మీదికి వచ్చిన పిదప ఉలికిపడి లేచుచున్నవి. అంతకంటె దుఃఖకరమైనది, నడకదారులలోనికి, మోటారు వాహనములకు నిషేధమున్న వనములలోనికి, ఎవరికిని వినబడదను ధైర్యముతో ఈ బండ్లను తోలుట. 750 వాట్లకు లోబడిన సైకిళ్లకు ఈ రాష్ట్రపు చట్టమిచ్చిన సౌలభ్యము దానికి పలురెట్ల బలముగల మోటారుసైకిలుకు వర్తింపదని వారెరుగనివారు కారు. చెవికి వినబడనంతమాత్రమున టైరు తీసిన చాలు పూడునా? వానకాలమున నీరు ఆ చాలు వెంబడియే దిగి బాటను కోయును. మనము మౌనముగా సంపాదించుకొన్న మన్ననను మౌనముగానే పోగొట్టుకొనుచున్నామని తోచి నా మనస్సు చివుక్కుమనును.

ఈ విద్యను పసివారికి నేర్పుటలో కలిగిన మార్పు నాకు అన్నిటికంటె ప్రియమైనది. పూర్వము గురువు ప్రతి మాటకును బండి నాపించి, ఇంజను నార్పించి, హెల్మెట్టు తీయించి చెప్పవలసి వచ్చెడిది. ఈ నడుమ హాలిస్టర్‌లో మన తెలుగు మిత్రుడొకడు తన కూతురి చిన్న ఎలక్ట్రిక్ బండి ప్రక్కనే పరుగెత్తుచు, మామూలు గొంతుకతో పాఠము చెప్పుచుండగా నేను వెనుక నడచుచుంటిని.

"అమ్మలూ, చక్రంవైపు చూడకు, దూరంగా మలుపు చూడు. మోచేతులు బిగించకు."

"నాన్నా, ఎవరో వస్తున్నారు."

మా యిరువురికిని ఏమియు వినబడలేదు. అయినను అతడు పిల్లను బాట యంచునకు జరిపి నిలిపినాడు. కొలదిక్షణములకు మలుపు చాటునుండి ఎలక్ట్రిక్ బండిపై ఒక స్త్రీ వచ్చి, వేగము తగ్గించి, ఎడమచేతి రెండు వ్రేళ్లను పైకెత్తి చూపుచు మమ్ము దాటిపోయినది. తన వెనుక మరి యిద్దరున్నారని చెప్పుటకు ఈ బాటలలో అది పాతకాలపు ఆనవాయితీ. బాలిక ఒకరిని లెక్కించినది, రెండవవారిని లెక్కించినది, తండ్రి చెప్పకమునుపే బండిని కదిపినది.